విత్తనం ఎవరికి బాకీ?

పొలం ఒకరిది, విత్తనం ఇంకొకరిది అయితే పంట ఎవరికి చెందాలి? ఇది పేటెంట్ల కాలంలో పుట్టిన తగవు కాదు. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం దీనికి ఇరవైకి పైగా శ్లోకాలు వెచ్చించింది. అక్కడి అసలు వ్యాజ్యం కూరగాయల గురించి కాదు, పుట్టిన బిడ్డ ఎవరి కొడుకన్నదాని గురించి. స్త్రీని పొలంగా, పురుషుణ్ణి విత్తనంగా చూసిన ఆ పోలిక ఈనాటి మనసుకు మింగుడుపడదు; పడాల్సిన పనీ లేదు. అయితే ఆ వ్యాజ్యాన్ని అవతల పెట్టి, పోలిక కోసం తెచ్చిన సేద్యపు సంగతిని మాత్రం తీసుకుంటే అందులో పదునైన ఆలోచన ఉంది. ఏ గింజ వేస్తే ఆ మొక్కే వస్తుంది, నేల తన గుణాన్ని గింజకు అంటించలేదు, కనుక బీజమే ప్రధానమని ఒక వాదం. ఎవరి పొలంలో పండింది వాళ్లదే, పరాయి పొలంలో విత్తినవాడికి ఫలం దక్కదని రెండో వాదం. మొక్క స్వభావం దగ్గర మొదటిదాన్ని, పంట హక్కు దగ్గర రెండోదాన్ని ఒప్పుకుని, చివరికి గ్రంథం క్షేత్రం వైపు మొగ్గింది. వరదకు కొట్టుకొచ్చిన గింజైనా, గాలికి ఎగిరొచ్చిన గింజైనా ఎవరి చేలో మొలిస్తే వాళ్లదే. ముందుగా మాట్లాడుకుని ఒప్పందం చేసుకుంటే మాత్రం ఇద్దరికీ వాటా.

ఇప్పుడు ఆ తీర్పు తలకిందులైంది. 2004లో కెనడా సుప్రీంకోర్టు, కలుపుమందును తట్టుకునే కనోలా విషయంలో ఒక రైతు మీద మోన్శాంటో వేసిన దావాలో, అయిదుగురు ఒకవైపు నలుగురు మరోవైపు నిలిచిన తీర్పుతో కంపెనీ హక్కునే నిలబెట్టింది. గింజ ఆ చేలోకి ఎలా వచ్చిందన్నది కాదు, అందులో ఏముందో తెలిసీ దాచి మళ్లీ వేశాడా అన్నదే కోర్టు చూసింది. మన కూరగాయల రైతు విషయంలో కోర్టు దాకా వెళ్లే అవసరమే లేదు. హైబ్రిడ్ టమాటా పండులోంచి గింజ తీసి మళ్లీ నారు పోస్తే కొన్ని మొక్కలు తల్లిని, కొన్ని తండ్రిని పోలి, కొన్ని ఎవరి పోలికా లేకుండా వస్తాయి. చట్టం కాపలా కాయని చోట వారసత్వ సూత్రమే కాపలా కాస్తుంది. రైతు ప్రతి సీజన్‌కూ కొత్త ప్యాకెట్ కొనాల్సిందే. ఇలా బీజం గెలిచింది, క్షేత్రం ఓడింది. దీన్ని అన్యాయమనేవాళ్లు విత్తనం రైతుదంటారు, న్యాయమనేవాళ్లు పెంపకందారుదంటారు. రెండు పక్షాలూ అడుగుతున్న ప్రశ్న ఒకటే, విత్తనం ఎవరిదని. వైరస్‌ను తట్టుకునే కూరగాయ విత్తనం విషయంలో దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: ఆ విత్తనం ఎవరికి బాకీ?

బెండ సంగతి చూడండి. మన రైతులు శంఖు రోగం అని పిలిచే ఎల్లో వీన్ మొజాయిక్ గురించి 1924లోనే బొంబాయి ప్రాంతం నుంచి రాశారు. ముందు ఈనెలు పసుపెక్కుతాయి, తర్వాత ఆకంతా పాలిపోతుంది, కాయలు లేతపసుపుకు తిరిగి పెళుసెక్కుతాయి. అలాంటి కాయను మార్కెట్లో ఎవరూ ముట్టుకోరు. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు దీన్ని మోసుకెళ్లేది తెల్లదోమ. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో హర్భజన్ సింగ్ బృందం పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన ఐసీ 1542 అనే బెండను పూసా మఖ్మలీతో సంకరం చేసి, ఆ సంతతిలోంచి పూసా సావనీని ఏరింది. 1960ల ఆరంభం నుంచి ఏళ్ల తరబడి దేశంలో ఎక్కడ చూసినా ఆ బెండే. ఐసీ 1542 గొప్పతనం చిత్రమైనది: వైరస్ లోపల ఉన్నా పైకి లక్షణాలు చూపని ఓర్పు దానిది. కాలక్రమంలో ఆ ఓర్పు చెదిరి పూసా సావనీ రోగానికి లొంగిపోయింది. సాగు బెండలో గట్టి నిరోధం దొరక్క పరిశోధకులు దాని దూరపు చుట్టాల దగ్గరికి వెళ్లారు. పర్భణీలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం అబెల్మాస్కస్ మానిహాట్ అనే జాతి నుంచి నిరోధాన్ని తెచ్చి 1980లలో పర్భణీ క్రాంతిని ఇచ్చింది. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థ టెట్రాఫిల్లస్ అనే అడవి బెండతో సంకరం చేసి ఇంకో రకాన్ని తీసింది. జాతి దాటిన సంకరంలో పుట్టే మొక్కలు చాలావరకు గొడ్డుపోతాయి. మిగిలినవాటిని మళ్లీ మళ్లీ సాగు బెండతో కలుపుతూ, అడవి గుణాల్లో పనికిరానివాటిని ఒక్కొక్కటే వదిలించుకుంటూ తరాల తరబడి సాగాలి. అలా వచ్చిన రకానికి పెట్టిన పేరు అర్క అనామిక. పెట్టినవాళ్ల మనసులో ఏముందో గానీ, పేరు లేనిదానికి అంతకంటే తగిన పేరు దొరకదు.

టమాటా కథ ఇంకా దూరం వెళ్తుంది. ఆకుముడతను తట్టుకునే వాణిజ్య రకాలు చాలావాటిలో ఉన్నది టీవై-1 లేదా దాని తోబుట్టువు టీవై-3. రెండూ ఒకే జన్యువుకు రెండు రూపాలని తర్వాత తేలింది. అవి వచ్చింది సొలానమ్ చిలెన్సె నుంచి. పెరూ దక్షిణాన, చిలీ ఉత్తరాన, అటకామా ఎడారి అంచుల్లో బతికే అడవి టమాటా అది. పండినా పచ్చగానే ఉండిపోయే చిన్న కాయ, కూరకు పనికిరాదు. 1994లో ఇజ్రాయెల్‌లో డానీ జమీర్ బృందం ఆ మొక్కలోని నిరోధం ఏ క్రోమోజోమ్ మీద ఎక్కడుందో గుర్తించి సాగు టమాటాలోకి తెచ్చింది. టీవై-2ది మరో తోవ: సొలానమ్ హాబ్రోకైటిస్ అనే నూగు టమాటా నుంచి హర్యానాలోని హిసార్‌లో తయారైన హెచ్-24 వంగడం ద్వారా అది ప్రపంచమంతా తిరిగింది. ఇందులో ఆలోచించాల్సిన ముచ్చట ఒకటుంది. ఈ ఆకుముడత వైరస్‌లు పాత ప్రపంచానివి. ఆండీస్ పర్వతాల అవతల ఎడారిలో బతికిన మొక్క వాటిని తన చోట ఎరిగి ఉండే అవకాశం లేదు. ఆ జన్యువు దేనికి పనికొస్తూ అక్కడ నిలిచిందో గానీ, మన కోసం మాత్రం కాదు. మదనపల్లె మార్కెట్‌కు చేరే టమాటా కోసం ఎవరూ దాచిపెట్టని సొమ్ము అది.

ఇవ్వాలని ఎవరూ అనుకోలేదు, అడగాలని మనకూ తట్టలేదు. అయినా అందింది, దానితో బతుకుతున్నాం. ఇలాంటి స్థితికి మన సంప్రదాయంలో ఒక మాట ఉంది, ఋణం. తైత్తిరీయ సంహిత మనిషి పుట్టుకతోనే మూడు అప్పులు మోస్తాడంటుంది: ఋషులకు, దేవతలకు, పితరులకు. శతపథ బ్రాహ్మణం సాటి మనుషులకున్న అప్పును నాలుగోదిగా చేర్చింది. మొదటి గ్రంథం ఈ మాట బ్రాహ్మణుడి గురించే అన్నదన్నది నిజమే. ఆ గీత దగ్గరే ఆగాలని నియమమేమీ లేదు. ఈ అప్పుకూ షావుకారు అప్పుకూ తేడా రెండు చోట్ల ఉంది. నోటు రాసి తీసుకున్నది కాదు, బతుకు మొదలవడమే అప్పుతో మొదలవుతుంది. రెండోది, తీర్చే తీరు. ఋషుల అప్పు ఋషులకు తిరిగి కట్టరు. చదివి, ఆ చదువును నిలిపి తీరుస్తారు. పితరుల అప్పును ముందు తరాన్ని కని తీరుస్తారు. ఇచ్చినవాడు వెనక ఉంటాడు, చెల్లింపు మాత్రం ముందుకు నడుస్తుంది. నిరోధక విత్తనం అచ్చం ఇలాంటిదే. దాని వెనుక అడవి మొక్క ఉంది, ఆ మొక్క ఉన్న గుట్టలను చెక్కుచెదరకుండా వదిలిన జనం ఉన్నారు, కొండలెక్కి గింజలు సేకరించిన చార్లెస్ రిక్ లాంటివాళ్లు ఉన్నారు, ఇప్పుడు రిక్ పేరుతోనే డేవిస్‌లో నడుస్తున్న టమాటా జన్యు వనరుల కేంద్రం ఉంది. హావేరి జిల్లా రాణెబెన్నూరు చుట్టుపక్కల మొగ్గ విడవకముందే పట్టకారుతో మగభాగాన్ని తీసి, మర్నాడు పుప్పొడి అద్దే ఆడకూలీల వేళ్లూ ఉన్నాయి. నాలుగో అప్పు, మనుషులకున్న అప్పు, అక్కడుంది.

దీనికి బలమైన అభ్యంతరం బౌద్ధం నుంచి వస్తుంది. వరి మొలకను ముందు పెట్టుకుని కారణకార్య సంబంధాన్ని విప్పే శాలిస్తంబ సూత్రం చెప్పేది ఇది: గింజ తాను మొలకను పుట్టిస్తున్నానని అనుకోదు, మొలక తనను గింజ పుట్టించిందని అనుకోదు, నేలా నీరూ వేడీ గాలీ ఋతువూ కూడా తాము చేస్తున్నామని తలచవు. అన్నీ కూడినప్పుడు మొలక వస్తుంది, అంతే. ఇచ్చేవాడే లేనప్పుడు ఇవ్వడం ఎక్కడిది, అప్పు ఎక్కడిది? అటకామాలోని మొక్కకు రావాల్సిన బాకీ అంటూ ఏదీ లేదు, వసూలుకు అది రాదు. అప్పు అనడం కవిత్వమే అవుతుందని ఎవరైనా అంటే తోసిపుచ్చడం కష్టం. అయితే ఆ సూత్రం రెండు వైపులా కోస్తుంది. దాతకు నేను ఇచ్చాననే తలపు లేదంటే, గ్రహీతకు నేను చేశాననే హక్కూ ఉండదు. అంకురం వెనుక ఒక్క కర్త లేనట్టే, వంగడం వెనుక కూడా ఒక్క కర్త లేడు. పెంపకందారు చేసింది నిజమైన పనే. కానీ ఆ పని లక్షల ఏళ్ల కూడికలో చివరి కొన్నేళ్ల ముక్క. నాది అనే మాటను ఎంత గట్టిగా అంటే అంత ఎక్కువ కారణాలను మరుగుపరచాలి. ఋణం అనే మాట అక్కరకొచ్చేది ఇక్కడే. దానికి అవతల ఒక వ్యక్తి ఉండనక్కర్లేదు. తీసుకున్నవాడు తాను నిలబడ్డ నేల తన సొంతం కాదని తెలుసుకుంటే చాలు. పితరులు కూడా వసూలుకు రారు కదా. రాలేనివాళ్లకు కట్టేది కాబట్టే అది ధర్మమైంది, అడిగి వసూలు చేసుకోగలిగితే మామూలు బేరమే అయ్యేది.

విత్తన పరిశోధనలో ఉన్నవాళ్లు దీన్ని వింటే వేసే ప్రశ్న తత్వానికి సంబంధించింది కాదు. ఏళ్ల తరబడి జీతాలిచ్చి, నెట్‌హౌసులు కట్టి, వేల మొక్కల మీదికి తెల్లదోమను వదిలి, బతికిన పదింటిని ఏరి తెచ్చిన వంగడం మీద ఫలితం లేకపోతే ఆ పని ఎవరు చేస్తారు? న్యాయమైన ప్రశ్నే. అప్పు ఉందంటే కూలి ఇవ్వొద్దని కాదు. కూలి వేరు, యాజమాన్యం వేరు. కూలికి గడువుంటుంది, కొలత ఉంటుంది. మన మొక్క రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం, 2001, ఈ తేడాను చాలావరకు పట్టుకుంది. కూరగాయల వంటి పంటల్లో నమోదైన రకానికి 15 ఏళ్లు రక్షణ ఇచ్చింది. 39వ సెక్షన్‌లో రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్లీ వేయవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోనూ వచ్చు, బ్రాండు పేరు మాత్రం వాడకూడదంది. మూలాలను కాపాడినవాళ్లకు పంపకం కోసం జన్యునిధి అని ఒక ఖాతానూ పెట్టింది. మనువు చెప్పిన ఒప్పందం వాటా ఇదేనని ముచ్చటపడొచ్చు. కానీ హైబ్రిడ్ దగ్గర 39వ సెక్షన్ చేతికిచ్చిన తాళంచెవి ఏ తలుపుకూ పట్టదు, దాచుకునే గింజ గుణం నిలుపుకోదు గనక. అంతర్జాతీయంగా చూసినా ఇంతే. ఆహార పంటల జన్యు వనరుల మీద 2001లో కుదిరి 2004లో అమల్లోకి వచ్చిన ఒప్పందం కింద అందరూ పంచుకోవాలని జాబితాకెక్కించిన పంటల్లో వరి ఉంది, కంది ఉంది, వంకాయ ఉంది. ఆనాటి జాబితాలో టమాటా లేదు, మిరప లేదు, బెండ లేదు. ఏ పంటల వాణిజ్యంలో అడవి జన్యువుకు ఎక్కువ ధర పలుకుతోందో సరిగ్గా అవే పంపకానికి బయట మిగిలిపోయాయి. ఇది యాదృచ్ఛికమని నమ్మడం కొంచెం కష్టం.

అప్పు అనే మాటను ఒక సమాజం అక్షరాలా తీసుకుంటే ఏమవుతుందో హవాయిలో జరిగింది. అక్కడి ఆదివాసుల గాథలో కాలో, అంటే మన చేమదుంప, మొదట పుట్టి చనిపోయిన బిడ్డను పాతిన చోట మొలిచింది. దాని తర్వాత పుట్టినవాడు మనిషి. చేమ వాళ్లకు అన్న. ఆకు ఎండు తెగులును తట్టుకునేలా తయారుచేసిన మూడు చేమ రకాల మీద హవాయి విశ్వవిద్యాలయం 2002లో పేటెంట్లు పొందింది. అన్నను ఎవరూ సొంతం చేసుకోలేరంటూ వచ్చిన నిరసనకు తలొగ్గి 2006లో వాటిని వదులుకుంది. అదే ద్వీపాల్లో పునా ప్రాంతపు బొప్పాయి తోటలు 1992 తర్వాత రింగ్‌స్పాట్ వైరస్‌తో కూలిపోతుంటే, డెనిస్ గోన్సాల్వెస్ బృందం వైరస్ పొర ప్రోటీన్ జన్యువునే మొక్కలోకి చొప్పించి తీసిన సన్‌అప్, రెయిన్‌బో రకాలు 1998లో రైతులకు చేరాయి; మొదట్లో విత్తనం ఉచితంగానే పంచారు. చేమ దగ్గర జన్యువు కలవకపోయినా అభ్యంతరం వచ్చింది, బొప్పాయి దగ్గర జన్యువు కలిసినా చాలామంది రైతులు కళ్లకద్దుకుని తీసుకున్నారు. ప్రయోగశాల మంచిదా చెడ్డదా అన్నదాని కంటే, ఎవరి చుట్టరికాన్ని ఎవరు కాగితం మీద రాసేసుకున్నారన్నదే అక్కడ మనుషులను కదిలించిందని నాకనిపిస్తుంది.

జాతి దాటించి సంకరం చేయడమే సృష్టి మీద దౌర్జన్యమనేవాళ్లు ఉన్నారు. రోగం రావడం ప్రకృతి, దాన్ని అడ్డుకోవడం మనిషి అహంకారమని వాళ్ల వాదన. కానీ ఈ రోగంలో ప్రకృతి ఎంత, మన కర్మ ఎంత? టమాటా ఈ దేశానికి పోర్చుగీసు కాలంలో వచ్చిన అతిథి. రుచికీ రంగుకీ సైజుకీ ఏరుకుంటూ పోయిన శతాబ్దాల్లో సాగు టమాటా తన చుట్టాల దగ్గరున్న రక్షణలు చాలా పోగొట్టుకుంది. దాన్ని ఏడాది పొడవునా, పక్కపక్కనే, ఒకే వంగడంగా వేసి తెల్లదోమకు ఆకలి తెలియని సత్రం కట్టింది మనమే. గుంటూరు, ఖమ్మం మిరప రైతు బొబ్బర తెగులు అని, ఈమధ్య జెమిని వైరస్ అని పిలిచేదాని వెనుకా ఇదే లెక్క. వైరస్‌ను చంపే మందు లేదు. ఉన్నదల్లా దోమను చంపే మందు. నిరోధక విత్తనం లేని చోట నారుమడి నుంచే స్ప్రేయర్ భుజానికెక్కుతుంది, ఆ మందులో దోమతోపాటు దోమను తినేవి కూడా పోతాయి. హింసను తూకం వేయాలంటే రెండో తట్టలో పెట్టాల్సింది అడవిలోని నిర్మలత్వం కాదు, చేలోని ఆ డబ్బా. పైగా టీవై-1 వైరస్‌ను చంపదు. తన కణాల్లో వైరస్ జన్యుపదార్థం పని చేయకుండా మొక్క నోరు నొక్కుతుంది, ఆ పనిని ఆ జన్యువు బలపరుస్తుంది. వైరస్ లోపలే ఉంటుంది, తక్కువ మోతాదులో. పోరాటం అనే మాటకంటే నిగ్రహం అనే మాట దీనికి దగ్గర.

సరిగ్గా ఇక్కడే సత్యానికి సంబంధించిన చిక్కు ఒకటి వస్తుంది. ప్యాకెట్ మీద వైరస్ నిరోధకం అని ఉంటే రైతుకు వినపడేది వైరస్ రాదని. అంతర్జాతీయ విత్తన పరిశ్రమ తన నిర్వచనాల్లో గట్టి నిరోధం, మధ్యస్థ నిరోధం అని రెండు మెట్లు పెట్టుకుంది. ఆకుముడత టమాటాలు సాధారణంగా రెండో మెట్టు మీదే ఉంటాయి. దోసపై మొజాయిక్ తెచ్చే వైరస్ కూడా అదే మొక్కకు సోకితే టీవై-1 పట్టు సడలుతుందని పరిశోధనలో తేలింది. ఇంకా సున్నితమైనది పొరుగువాడి సంగతి. పైకి పచ్చగా ఉండి లోపల వైరస్‌ను మోసే మొక్క తెల్లదోమకు నిలవ గాదె కావచ్చు. నిరోధం ఎంత గట్టిదైతే గాదెలో సరుకు అంత తక్కువ, ఉత్త ఓర్పే అయితే అంత ఎక్కువ. నా చేను బాగుండటమే పక్క చేనులో పాత నాటు రకం వేసుకున్నవాడికి ముప్పయ్యే అవకాశం ఉందన్నమాట. గాలికి ఎగిరొచ్చిన గింజ ఎవరిదో మనుస్మృతి తేల్చింది గానీ, గాలికి ఎగిరొచ్చిన దోమ మోసుకొచ్చిన నష్టం ఎవరిదో తేల్చలేదు. నిరోధాన్ని ఆస్తి అనుకుంటే ఆ నష్టం ఎవరిదీ కాదు. అప్పు అనుకుంటే పద్దులో దానికో గడి ఉంటుంది.

అప్పుకు గడువు కూడా ఉంటుంది. పొగాకు మొజాయిక్ కుటుంబపు వైరస్‌ల నుంచి టమాటాను కాపాడిన టీఎం-2 స్క్వేర్ అనే జన్యువు కూడా అడవి టమాటా సొలానమ్ పెరూవియానమ్ ఇచ్చిందే. వంగడాల చరిత్రలో అంతకాలం నిలిచిన కంచెలు అరుదు. కొన్ని దశాబ్దాల పాటు గ్రీన్‌హౌసు టమాటా సాగు దాని నీడన నిశ్చింతగా నడిచింది. 2014లో ఇజ్రాయెల్‌లో, 2015లో జోర్డాన్‌లో ఆ నీడ కిందే కాయలు ముడతలు పడి గోధుమ మచ్చలతో కనిపించాయి. రుగోస్ వైరస్ అని ఇప్పుడు ప్రపంచమంతా పిలిచే ఆ కొత్త తెగులుకు దోమ కూడా అక్కర్లేదు. చేతులు చాలు, కత్తెర చాలు, గింజ చాలు. ఇక్కడ గమనించాల్సింది ఓటమిని కాదు, ఖర్చును. ఒక్క జన్యువును లక్షల ఎకరాల్లో ఒంటరిగా నిలబెట్టిన ప్రతిసారీ మనం అసలును తినేస్తున్నాం, వడ్డీని కాదు. బెండలో మూడు నాలుగు సార్లు, టమాటాలో ఇంకోసారి అదే తంతు. అది కూలిన రోజున నష్టం ప్యాకెట్ అమ్మినవాడి పద్దులో పడదు, కౌలుకు తీసుకుని మల్చింగ్ పరిచి నారు కొన్నవాడి మీద పడుతుంది. తీసుకున్నవాడొకడు, కట్టేవాడొకడు. ఈ అప్పును గుర్తించకపోతే అది మాయమైపోదు, బలహీనుడి పేరుకు బదిలీ అవుతుంది.

మరి తీర్చడమంటే ఏమిటి? కొంత తేలిగ్గానే చెప్పొచ్చు. అడవి చుట్టాలున్న గుట్టలను ఉండనివ్వడం, ప్రభుత్వ సంస్థల వంగడాలను మూల విత్తనంతో సహా అందుబాటులో ఉంచడం, రెండు మూడు జన్యువులను ఒకే మొక్కలో కూర్చేదాకా తొందరపడి మార్కెట్‌కు వదలకపోవడం. అర్క రక్షక్ లాంటి రకాల్లో ఆకుముడతతోపాటు వాడు తెగులునూ, ఆకుమాడునూ తట్టుకునే గుణాలను కలిపిన ప్రయత్నాలు ఆ దారిలోవే. కష్టమైనది ఇంకొకటి, ఉపవాసం. 1990లలో ఆకుముడత డొమినికన్ రిపబ్లిక్ టమాటా సాగును ముంచెత్తినప్పుడు అక్కడి ప్రభుత్వం ఏటా మూడు నెలలు తెల్లదోమ బతికే పంటలేవీ వేయకూడదని చట్టం చేసి అమలుచేసింది. దోమకు మేత లేదు, వైరస్‌కు మొక్క లేదు; నిరోధక రకాలతో కలిసి ఆ విరామమే సాగును మళ్లీ నిలబెట్టింది. చాతుర్మాస్యంలో మొదటి నెల శాకవ్రతమని కూరలు మానే ఆచారం గుర్తొస్తే తప్పు లేదు. అంతమాత్రాన మన పూర్వులకు తెల్లదోమ సంగతి తెలుసునని బయల్దేరడం మాత్రం నవ్వులాట. సురపాలుడి వృక్షాయుర్వేదం మొక్కల జబ్బులను వాత పిత్త కఫాలతో వివరించింది, వైరస్‌లతో కాదు. ఆ గ్రంథాన్ని నళినీ సాధలే చేత ఇంగ్లీషులోకి తెప్పించి సికింద్రాబాద్ నుంచి 1996లో అచ్చువేయించిన ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ స్థాపకుడు వై.ఎల్. నేనె స్వయంగా మొక్కల వైరస్‌ల మీద పనిచేసిన శాస్త్రవేత్త. పాత గ్రంథాన్ని గౌరవించడానికి అబద్ధం ఆడనక్కర్లేదని ఆయన పని చూస్తే తెలుస్తుంది.

వ్రతానికీ ఆ చట్టానికీ ఉన్న నిజమైన పోలిక వేరే చోట ఉంది. ఒక్కరు మానితే ఫలితం లేదు. ఊరంతా వేసి ఒక్కడు ఖాళీ ఉంచితే వాడి చేను ఎండుతుంది, దోమ పక్క చేలో తింటుంది; ఊరంతా ఖాళీ ఉంచి ఒక్కడు వేస్తే ఆ ఒక్క మడే అందరికీ రోగం పెంచిపెడుతుంది. అందరూ కలిసి పట్టాల్సిన వ్రతమిది. మదనపల్లె చుట్టూ గానీ, బెండ ఏడాదంతా కోసే ఊళ్లలో గానీ అలాంటి విరామం మాట ఎత్తితే మొదట లేచే గొంతు కౌలురైతుది. భూమి ఖాళీగా ఉన్న నెలలకూ కౌలు పడుతుంది, తెచ్చిన అప్పు మీద వడ్డీ ఆగదు, సీజన్ తప్పిన టమాటాకు వచ్చే ధరే వాడి ఏడాది లెక్కను సరిచేసేది. భూమి సొంతదారు ఉపవాసం ఉండగలడు, విత్తన కంపెనీ ఆ మూడు నెలలూ ప్యాకెట్లు అమ్మకుండా ఉండగలదు. అటకామా మొక్కకున్న బాకీ తీర్చడానికి మొదటి కిస్తీ ఆ కౌలురైతే కట్టాలంటే, ఆ కౌలు డబ్బు జన్యునిధి నుంచి రావాలా, ప్యాకెట్ ధరలోంచి రావాలా, టమాటా తినే మన జేబులోంచి రావాలా అన్నది ముందు తేలాలి.